చీర మడత పెట్టిన ఫొటో

ఆ ఆషాఢంలో మా ఇంట్లో నేను తప్ప అందరూ ఫొటోల పండితులయ్యారు. ఫొటో తీసింది మాత్రం నేను.

ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు. నార్కట్‌పల్లిలో మా అన్న దినేశ్‌కు ఫొటో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళు లేని నెలలో షట్టర్ సగం దించి ఊళ్ళోకి వచ్చేస్తాడు. మగ్గం ఉన్న ఇంట్లో పనిలేని మనిషి ఉంటే కాళ్ళకూ అడ్డమే, మాటకూ అడ్డమే. శ్రావణానికి చీరలు కావాలని సేటు ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటే బాపు మగ్గం గుంటలోంచి లేచేవాడు కాదు. అమ్మ ఆసు ముందు నుంచి లేచేది కాదు.

ఆసు అంటే చెక్క చట్రం. ఒక కొసన ఒంటి మేకు, ఎదురుగా నెలవంకలా వంగిన మేకుల వరుస. నూలు పోగును ఒంటి మేకు నుంచి వరుసకు, వరుస నుంచి ఒంటి మేకుకు చేత్తో తిప్పుతూ పోవాలి. చెయ్యి ఆగకూడదు. ఒక చీరకు సరిపడా పోసేసరికి పూట గడిచిపోతుంది. ఆ తర్వాతే, రంగు అంటకూడని చోట పోగులను బిగించి చిటికి కట్టడం, రంగులద్దడం, నేత. మా ఊళ్ళో చాలా ఇళ్ళకు ఆసు మిషన్లు వచ్చాయి, మా ఇంటికి రాలేదు. "మిషన్ పోసిన ఆసుకు బిగువుండదు" అని బాపు ఒకసారి అన్నాడు. బాపు ఒకసారి అన్నాడంటే గోడకు మేకు కొట్టినట్టే. అమ్మ కూడా ఒకసారే అడిగింది.

అన్న కొత్త కెమెరా కొనుక్కున్నప్పుడు పాతది నాకిచ్చాడు. స్టూడియోలో ఆల్బమ్‌లు కూర్చేది నేనే. రెండో కెమెరాతో ఆడపెళ్ళివాళ్ళ వైపు తీసేదీ నేనే. ఆల్బమ్ వెనక మాత్రం 'దినేశ్ ఫొటోగ్రఫీ' అని ఉంటుంది. ఎండాకాలంలో ఒక పొద్దున తలుపులోంచి వెలుతురు ఏటవాలుగా వచ్చి అమ్మ చేతి మీద, ఆసు మీది నూలు మీద పడింది. పోగుకు పోగు విడిగా మెరుస్తోంది. కెమెరాను స్టూలు మీద పెట్టి, ఊపిరి బిగబట్టి ఒక్కటి తీశాను. హైదరాబాద్‌లో చేనేత దినానికి ఫొటోల ప్రదర్శన పెడుతున్నారని తెలిసి దాన్ని పంపాను.

ఎంచుకున్నామని స్వర్ణలత మేడం ఫోన్ చేసింది. ఆ ప్రదర్శన చూసుకునేది ఆవిడే. "ప్రింట్ మీరే వేయించి తేవాలమ్మా. మూడడుగుల వెడల్పు, నాలుగున్నర ఎత్తు. మంచి కాగితం మీద. చుట్టి తీసుకురండి, ఫ్రేమ్ మేం కట్టిస్తాం. కింద మీ పేరు వేస్తాం. సింధూజ అనే కదా?"

అవునన్నాను. ఒక ఫొటో కింద నా పేరు ఉండటం అదే మొదలు. ఆ నెలంతా నేను ఎవరితో ఏం పడినా ఆ ఒక్క మాట కోసమే పడ్డాను.

ఫోన్ పెట్టేయగానే సలహాలు మొదలయ్యాయి.

"ఫ్లెక్స్ వేయిద్దాం" అన్నాడు అన్న. "మనకు తెలిసినోడే ఉన్నడు. పొద్దుగాల ఇస్తే పొద్దుగూకే వరకు ఇస్తడు. వానకు తడవది, ఎండకు వెలిసిపోదు."

"గోడ లోపల పెడ్తరన్నా. వానెక్కడిది?"

"అయితే మూలకు మన స్టూడియో పేరన్న వేద్దాం. చిన్నగ."

బాపు మగ్గం ఆపకుండానే అడిగాడు. "ఆసు కాడ ఏముంటదే చూసెటందుకు? నేను మగ్గం మీద కూసున్నప్పుడు తియ్యకపోయినవా?"

"మగ్గం ఫొటోలు అందరూ పంపిండ్రట బాపూ."

"మంచిదే గనకనే పంపిండ్రు."

అమ్మది వేరే బాధ. "గా పాత చీరల తీసినవేందే? జర్ర చెప్తే మంచి చీర కట్టుకుందును గదా. మళ్ళ తియ్యి."

వెలుతురు మళ్ళీ అట్లా పడదని చెప్పాను. "సూర్యుడేమన్న కిరాయికున్నడా, ఖాళీ చేసి పోయెటందుకు? రేపు మళ్ళ అక్కడ్నే వస్తడు" అంది. మరునాటి నుంచి ముసురు పట్టింది. సూర్యుడు వారం దాకా మొహం చూపించలేదు. అమ్మ ఇంక ఆ మాట ఎత్తలేదు.

నల్లగొండలో క్లాక్ టవర్ వెనక సందులో రాంచందర్ అనే ఆయనకు ల్యాబ్ ఉంది. జిల్లాలో పెద్ద కాగితం మీద మంచి ప్రింట్ వేసే మిషన్ ఆయన దగ్గరే ఉందని అన్న చెప్పాడు. అసలు ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని నేనే వెళ్తానన్నాను. నేను బస్సు చార్జీకి చిల్లర వెతుక్కునేలోపు అన్న నాకు సాయం చేసేశాడు. ఫోన్‌లో ఉన్న ఫొటోను వాట్సాప్‌లో ఆయనకు పంపి, వేసేయమన్నాడు. సాయంత్రానికి ప్రింట్ తెచ్చాడు కూడా.

విప్పి చూశాను. వాట్సాప్ ఫొటోను పిండి పంపుతుంది. ఫోన్ తెర మీద తెలియదు. మూడడుగుల కాగితం మీద దాచుకోవడానికి జాగా ఉండదు. పోగుకు పోగు మెరిసిన నూలు ఉప్మాలా ముద్దకట్టింది. అమ్మ ముక్కు మెట్లు మెట్లుగా ఉంది.

"దూరం నుంచి చూస్తే మంచిగనే ఉన్నది" అన్నాడు అన్న.

"ఎంత దూరం నుంచన్నా? హుజూర్‌నగర్ నుంచా?"

నేను మాట్లాడేదే తక్కువ. అందుకని ఆ మాటకు అన్న రెండు రోజులు అలిగాడు. ఆ రెండు రోజులూ నాకు కాస్త పని సాగింది.

పెన్‌డ్రైవ్ పట్టుకుని నల్లగొండ వెళ్ళాను. రాంచందర్ మంచివాడే. ఆయనకున్న రోగం ఒకటే, ఏ ఫొటో చేతికొచ్చినా బాగుచేయకుండా ఉండలేడు. ముందుగా ఒక అడుగు ముక్క నమూనా వేసి చూపించాడు. కాగితం బాగుంది, మెరుపు లేకుండా మెత్తగా. చూస్తే అమ్మ మొహం మైదాపిండి ముద్దలా ఉంది. కళ్ళ కింది ముడతలు లేవు. చేతి మీది నరాలు లేవు. నూలు ప్లాస్టిక్ తాడులా ఉంది.

"ముడతలెందుకు తీసిండ్రన్నా?"

"ఎవలు తియ్యొద్దంటరు చెల్లె? పెండ్లిపిల్లకే తీస్తం. ముసలామెకు తియ్యమా?"

"మా అమ్మ ముసలిది కాదు."

"గందుకే గదా తీసిన."

ఉన్నది ఉన్నట్టు వేయమన్నాను. రెండో నమూనా చీకటిగా వచ్చింది. తెర మీద మంచిగుంది కదా అని ఆయన అన్నాడు. తెర వెనక దీపం ఉంటుంది, కాగితం వెనక ఉండదు కదా అని నేనన్నాను. ఆయన కొంచెంసేపు నన్ను చూసి, వెలుతురు పెంచి మూడోది వేశాడు. ఈసారి నూలు నూలులా ఉంది. చెయ్యి అమ్మ చెయ్యిలా ఉంది. ఇల్లు మాత్రం ఒరిగిపోయింది. ఆసు పక్కకు జారుతోంది. వెనక ఉన్న తలుపు చట్రం ఎవరో కాలితో తన్నినట్టు వాలి ఉంది.

"ఇదేందన్నా?"

"నువ్వు కెమెరా వంకరగ పట్టినవ్ చెల్లె. ఆమె భుజాలు సమంగ లేవు. కుడిది కిందికున్నది. ఫొటో తిప్పి రెండు భుజాలు సమం చేసిన. ఇంకా మంచిగ చేసినందుకు నువ్వే తిడ్తున్నవ్."

నేను తీసిన ఫొటోను తెర మీదికి తెప్పించాను. స్టూలు మీద పెట్టి తీసిన కెమెరా వంకర ఎలా పోతుంది? తలుపు చట్రం అంచు పక్కన ప్లాస్టిక్ స్కేలు పెట్టి చూశాను. నిలువుగా ఉంది. ఆసు కాళ్ళు నేల మీద సమంగా ఉన్నాయి. గోడ నిట్టనిలువుగా ఉంది.

స్కేలు పక్కన పెట్టేశాను.

"వంకరగ ఉంటే వంకరగనే వేయిండ్రి" అన్నాను.

రాంచందర్ తిప్పిన ఫొటోను మళ్ళీ ఉన్నట్టే పెట్టాడు. పూర్తి సైజు ప్రింట్ మిషన్‌లోంచి ఒక్కో వేలెడంత బయటికి వస్తుంటే ఇద్దరం చెరో పక్క నిలబడి చూశాం. ముందు గోడ వచ్చింది, తర్వాత అమ్మ నుదురు, తర్వాత ఆ భుజం. "గీ రోలుకు ఇదే ఆఖరు" అన్నాడు కాగితం కోస్తూ. "మళ్ళ రోలు పట్నం నుంచి రావాలె. వారమైతది. పైలం." పొడవాటి అట్టగొట్టంలో చుట్టి పెట్టి, రెండు వైపులా మూత బిగించి ఇచ్చాడు. బస్సులో ముసురు జల్లు కొడుతుంటే దాన్ని ఒళ్ళో పసిపిల్లలా పట్టుకుని కూర్చున్నాను. పక్కనున్న ఒకాయన, "ఏందమ్మా గది, తుపాకా?" అని అడిగాడు. గొట్టాన్ని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను.

ఇంట్లో మంచం మీద పరిచి, నాలుగు మూలలా నూలు కండెలు బరువు పెట్టాను. కాగితం మీద అమ్మ దాదాపు మనిషంత ఉంది. అమ్మ వచ్చి చేతులు కొంగుకు తుడుచుకుని వంగి చూసింది.

"నా చేతులు గిట్లున్నయా?"

"బాగున్నయి కదమ్మా."

"బాగుండుడు కాదు. మా అమ్మయి గిట్లనే ఉండె." కాసేపు చూసి, వేలు గోడ మీద పెట్టింది. "గీడ సున్నం ఊడింది. పట్నమోళ్ళందరు చూస్తరు. ఇల్లు గిట్ల పెట్టుకున్నదేందని నన్నే అంటరు."

అన్న అలక మాని వచ్చి, స్టూడియో పేరు వేయాల్సింది అన్నాడు మళ్ళీ. బాపు మగ్గంలోంచి మెడ చాచి, "రంగు మంచిగ దిగింది" అన్నాడు. అమ్మ కట్టిన చీర రంగు సంగతి. అంతకుమించి ఆయన చూడలేదు, శ్రావణం చీర మగ్గం మీద ఉంది. నేను చుట్టి గొట్టంలో పెట్టి, స్తంభానికి ఆనించి ఉంచాను. ఎల్లుండి పొద్దున హైదరాబాద్ బస్సు.

మరునాడు స్టూడియోలో ఎవరికో పాస్‌పోర్ట్ ఫొటోలు తీయాల్సి ఉండి వెళ్ళాను. మధ్యాహ్నం వచ్చేసరికి స్తంభం దగ్గర గొట్టం లేదు. మూత ఒకటి నేల మీద ఉంది.

"బాపూ, గొట్టమేది?"

"గదేనా? మంచిగ పెట్టిన బిడ్డా. ఫికర్ చెయ్యకు." బాపు మగ్గంలోంచే గడ్డంతో అటు చూపించాడు.

చీరలు సేటుకు పంపే ముందు మడత నిలవడానికి వాటిమీద పలక వేసి, పైన రాయి పెడతాం. ఆ పలక కింద, తెల్లటి పాత ధోవతి గుడ్డలో చుట్టి, నా ఫొటో ఉంది. చీరలా మడతపెట్టి ఉంది. నిలువున సగానికి ఒకటి, అడ్డంగా ఒకటి, మళ్ళీ అడ్డంగా ఒకటి. అంచుకు అంచు వెంట్రుకంత తేడా లేదు. బొటనవేలితో గీరి మరీ మడత నొక్కాడు. అంత శ్రద్ధగా పాడుచేసిన వస్తువును నేను మళ్ళీ చూడలేదు.

"ఎందుకు మడత పెట్టినవ్ బాపూ?"

ఆ ప్రశ్నే ఆయనకు వింతగా ఉంది. మగ్గం ఆపాడు. "పట్నం పోయే మాలు గదా?"

"అయితే?"

"చుట్టి ఉంటే ఇంకా మగ్గం మీదున్నట్టే కదనే. నేసిన బట్ట కర్రకు చుట్టుకొని ఉంటది. పనైపోయినంక కోసి మడత పెడ్తం. మడత పడనిది సరుకెట్లైతది? చుట్టి ఇస్తే పనిరానోళ్ళనుకోరూ?"

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆ మేడం చెప్పిన 'చుట్టి తీసుకురండి' అనే మాట మా ఇంట్లో సగం పనిచేసి ఇవ్వడమని నేనెందుకు ఆలోచిస్తాను? అరిచే పని అన్న తీసుకున్నాడు. "నీకెవరు చెప్పిండ్రు ముట్టుమని? రోలు లేదంట. ఇంకోటి లేదంట. పిల్ల నెల్రోజుల సంది తిరిగింది." బాపు గుంటలోంచి లేచి వచ్చి నేలమీద కూర్చున్నాడు. తప్పు చేశానని ఆయనకు ఇంకా అర్థం కాలేదు, ఏదో అయిందని మాత్రం తెలుస్తోంది.

ఎంత చెడిందో చూద్దామని మంచం మీద విప్పాను. కాగితం మీద తెల్లటి గీతలు పడ్డాయి, మడత దగ్గర రంగు పగిలింది. అడ్డం మడతల్లో పై గీత అమ్మ భుజాల మీదుగా పోయింది. బాపు అరచేత్తో దాన్ని సాపు చేయబోయాడు, గంజి పెట్టిన బట్ట ముడతను సాపు చేసినట్టు. ఒకసారి రుద్దాడు. రెండోసారి రుద్దాడు. చెయ్యి కుడి భుజం మీద ఆగింది.

"ఇగో, మడతకు భుజం వంగింది" అన్నాడు చిన్నగా. "నాదే తప్పు బిడ్డా. సమంగ పట్టలే."

నేనే చెప్పాల్సి వచ్చింది. "మడతకు కాదు బాపూ. ముందుగాలనే గట్లున్నది."

"ఫొటోలనా?"

"మనిషికి."

బాపు తలెత్తి ఆసు వైపు చూశాడు. అమ్మ మా గొడవకు పని ఆపలేదు. చెయ్యి ఒంటి మేకు నుంచి వరుసకు, వరుస నుంచి ఒంటి మేకుకు తిరుగుతూనే ఉంది. తిరిగిన ప్రతిసారీ కుడి భుజం కిందికి జారి, మళ్ళీ పైకి రాకముందే ఇంకోసారి జారుతోంది. బాపు ఫొటోను చూశాడు, మళ్ళీ అమ్మను చూశాడు.

అమ్మ చెయ్యి ఆపకుండానే అంది. "ఇప్పుడు కనబడ్డదా? నేను గింత పెద్దగైతే గాని నీ కంటికి ఆనకపోతిని."

బాపు లేచి మగ్గం గుంటలోకి దిగాడు. చాలాసేపు మగ్గం చప్పుడు రాలేదు.

స్వర్ణలత మేడంకు ఫోన్ చేశాను. మడత పడిన ప్రింట్లు ఫ్రేముకు పనికిరావంది. ఎలా పడిందని అడిగితే "మా బాపు మడత పెట్టిండు మేడం" అన్నాను. "సరేనమ్మా. మీ జాగా ఖాళీగా ఉంచలేం. ఫైలు తెండి, మా ఆఫీసులో ఉన్న ప్రింటర్ మీద వేద్దాం. చిన్నదే వస్తుంది."

మరునాడు పెన్‌డ్రైవ్ ఒక్కటే పట్టుకుని పోయాను. నోటుపుస్తకం పేజీ అంత వచ్చింది ప్రింట్. పెద్ద పెద్ద మగ్గాల ఫొటోలన్నీ హాల్లో ఉంటే, దీన్ని మెట్ల పక్కన పెట్టారు. పేర్లు ముందే అచ్చు వేయించారట. నా పేరు మాత్రం అందరితో సమానంగా పెద్ద అక్షరాల్లో వచ్చింది. 'సింధూజ' అన్న అక్షరాలు ఫొటోలో అమ్మ చెయ్యి కంటే పొడవున్నాయి. చూసినవాళ్ళు లైటింగ్ బాగుందన్నారు. అంత చిన్న బొమ్మలో భుజాలు రెండూ మామూలు భుజాల్లాగే ఉన్నాయి. నేను చెప్పాలనుకోలేదు, వాళ్ళు అడగనూ లేదు. పేరు చూసుకుని, మెట్లు దిగి, బస్సెక్కాను.

ఇంటికొచ్చేసరికి ఇంకా పొద్దుంది, ముసురు తెరిపిచ్చింది. గడపలోనే ఆగిపోయాను. మగ్గం ఖాళీగా ఉంది. శ్రావణం చీర సగంలో ఉంది. ఆసు ముందు బాపు కూర్చున్నాడు. మా ఊళ్ళో ఆసు ముందు మగమనిషి కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. అమ్మ మంచం మీద కాళ్ళు చాపుకుని ఉంది. విశ్రాంతి తీసుకుంటున్నట్టు లేదు, పరీక్ష హాల్లో టీచర్‌లా ఉంది.

"గట్ల గుంజకు. తెగుతది."

తెగింది.

"చెప్తనే ఉన్న. ముడెయ్యి. గా ముడి కాదు. మగ్గం మీద ముడి వేరు, ఆసు మీద ముడి వేరు."

"నువ్వు జర్ర నోరు మూస్తే చేస్త."

"పొద్దటి సంది మూసుకొనే ఉన్న. ఏం పోసినవ్? బుడ్డగోచికి కూడ చాలదు."

బాపు చెయ్యి దించి భుజం పట్టుకున్నాడు. మెడ అటూ ఇటూ తిప్పాడు. నన్ను చూసి, నీళ్ళు అడుగుతాడనుకున్నాను. "దినేశ్ ఏడి?" అన్నాడు. "ఆసు మిషన్ ఎవలకాడ దొరుకుతదో జర అర్సుకోమను."

అమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "మిషన్ ఆసుకు బిగువుండదంటివి?"

బాపు తెగిన పోగు కొస వెతుకుతున్నాడు.

"నా భుజం ఇన్నేండ్లు తిరిగితే బిగువు. నీ భుజం ఒక్క పొద్దు తిరిగితే మిషనా?" అంది అమ్మ. నేను ఎన్నడూ వినని గొంతు. తిట్టులా ఉంది, ఏడుపులా ఉంది, కొంచెం నవ్వులా కూడా ఉంది.

"అనుకో" అన్నాడు బాపు. "ఎన్నన్న అనుకో. మిషన్ అయితే తెద్దాం."

పెద్ద ఫొటో చీరల పెట్టెలో ఉంది. మడత చెడకుండా అదే ధోవతి గుడ్డలో చుట్టి బాపే పెట్టాడట. ఎలాగూ మడత పడిందే కదా అని అక్కడే ఉండనిచ్చాను.

పెరటి తలుపులోంచి సాయంత్రపు వెలుతురు ఏటవాలుగా వచ్చి ఆసు మీద పడింది. నూలు మెరిసింది. బాపు చెయ్యి మీదా, నుదుటి మీది చెమట మీదా పడింది. నేను మెల్లగా గోడకున్న కెమెరా సంచీ అందుకున్నాను.

"వద్దు బిడ్డా" అంది అమ్మ మంచం మీద నుంచి. "మీ బాపుది పెద్దగ చేసినవనుకో, తెగిన పోగులన్ని కనబడ్తయి."